లేహ్ పట్టణంలో ఏడు దినములు

ఎడారి అనగానే మన మనోనేత్రం ముందు ఇసుకతిన్నెలు, ఖర్జూర వృక్షాలు, బారులు తీరి నడిచే ఒంటెలు నిలుస్తాయి. ఎండకు మాడే నేలనే ఎడారి అనుకొనుట మనకు అలవాటు. మంచుకు బిగిసే ఎడారి కూడ మన దేశంలో ఒకటి ఉన్నదని భూగోళ పాఠంలో చదివినవారమే అయినా, కన్నులతో చూచువరకు మాకు నమ్మకం కలుగలేదు. లడఖ్ ప్రాంతపు ముఖ్యపట్టణమైన లేహ్ సముద్రమట్టానికి 11,500 అడుగుల ఎత్తున, బోడికొండల నడుమ ఉన్నది. సంవత్సరం పొడుగునా అక్కడ పడే వాన, మంచు కలిపి దాదాపు 100 మిల్లీమీటర్లు మాత్రమే. కరవుకు పేరుపడ్డ మా అనంతపురం సీమలో సైతం అంతకు అయిదు రెట్లు కురుస్తుంది. శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోవుట అక్కడివారికి వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనసంఖ్య 30,870. మన వైపు ఒక మోస్తరు పెద్ద పంచాయతీకి ఉండే జనమన్నమాట.

గత జూన్ మాసంలో మేము ఈ పట్టణాన్ని దర్శించాము. మేమనగా తెలుగు శాఖ నుండి ఈ వ్యాసకర్త, ఉర్దూ శాఖ నుండి ఒక సహాధ్యాపకులు, తొమ్మండుగురు డిగ్రీ విద్యార్థులు. ప్రయాణ పథకమంతా మేమే తయారుచేశాము. నాలుగు దినాలలో లేహ్ కోట, శాంతి స్తూపం, మూడు బౌద్ధారామాలు, ఖర్దుంగ్ లా కనుమ, ఆ కనుమకు ఆవల నుబ్రా లోయలోని రెండు మూపుల ఒంటెలు, పాంగోంగ్ సరస్సు. కాగితం మీద ఒక్క గంట కూడ వృథా లేదు. ఆ పథకాన్ని చూసి ప్రయాణానికి ముందు మేము కొంత గర్వపడ్డాము కూడ. దాని ఫలితాన్ని దాచకుండ చెప్పుటకే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. దర్శనీయ స్థలాల వర్ణన మాత్రమే ఆశించే పాఠకులు మమ్ములను మన్నింతురుగాక.

ఢిల్లీ నుండి విమానంలో గంటంబావు ప్రయాణం. తెల్లని శిఖరాలు దాటగానే గోధుమవన్నె కొండలు, వాటి అడుగున సన్నని ఆకుపచ్చ చార, ఆ చారలో ఊరు. 1948లో కయ్యం నడుస్తున్న రోజులలో, సోనమ్ నోర్బు అను స్థానిక ఇంజనీరు పర్యవేక్షణలో ఊరివారు రాళ్ళు ఏరి చదును చేసిన నేల మీద, మే 24వ తేదీన ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ మొదటి విమానాన్ని దింపారట. ఇప్పుడు అదే విమానాశ్రయంలో, దిగినవారు దిగినట్లే రెండు దినాలు విశ్రమించవలెననీ, మెట్లు ఎక్కరాదనీ, నీరు ఎక్కువగా త్రాగవలెననీ ధ్వనివర్ధకంలో పదే పదే చెబుతున్నారు. ఆ ఎత్తున గాలిలో మనకందే ప్రాణవాయువు మైదానంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. శరీరం దానికి అలవాటుపడుటకు వ్యవధి కావాలి. ఈ సంగతులన్నీ మాకు తెలుసు. విద్యార్థులకు రైలులో ఉపన్యసించి మరీ చెప్పాము. అయినా సాయంకాలానికి అందరూ ఉత్సాహంగా కనబడుటచేత, కోట దగ్గరలోనే ఉన్నది గదా అని బయలుదేరదీశాము.

లేహ్ కోట తొమ్మిది అంతస్తుల కట్టడం. రాయి, పచ్చి ఇటుక, మన్ను, కలపలతో పదునేడవ శతాబ్దిలో సెంగె నంగ్యాల్ అను రాజు కట్టించినది. టిబెట్ రాజధాని లాసాలోని పొటాలా భవనంతో దీనిని పోలుస్తారు. 1834లో జొరావర్ సింగ్ నాయకత్వాన డోగ్రా సేనలు దండెత్తిన పిమ్మట రాజకుటుంబం సింధునది ఆవలి గట్టున స్టోక్ గ్రామానికి తరలిపోయినది. కోట పాడుపడినది. ఇటీవలి దశాబ్దాలలో పురావస్తు శాఖవారు మరమ్మతు చేయించారు. గోడలు క్రింది నుండి పైకి లోపలివైపు వాలి ఉండుటచేత కోటను కొండ మీద కట్టినట్లు గాక, కొండే చివరికి కోటగా మారినట్లు తోస్తుంది. దానికి పైన నంగ్యాల్ సేమో శిఖరం మీద పదునారవ శతాబ్దపు దుర్గం ఒకటున్నది. కోట పైకప్పు నుండి చూసి తృప్తిపడక, ఆ శిఖరం కూడ ఎక్కించాము. దారిలో ఒక విద్యార్థి రెండుసార్లు కూర్చుండిపోయాడు. ఇతడు ఆటో నడుపుకొనే ఒక తండ్రికి ఏకైక సంతానం. డిగ్రీ రెండవ సంవత్సరం. తెలుగు పద్యం చదివితే తరగతి నిశ్శబ్దమైపోతుంది.

“ఏమీ లేదు సార్, తల కొంచెం బరువుగా ఉంది” అన్నాడు.

రాత్రి భోజనం చేయలేదు. మేము తలనొప్పి మాత్ర ఒకటి ఇచ్చి పడుకోమన్నాము. అదే మేము చేసిన రెండవ తప్పు.

మేము దిగిన బస ఒక విశ్రాంత పట్వారీగారి ఇల్లు. వేసవిలో నాలుగు గదులు యాత్రికులకిస్తారు. అర్ధరాత్రి దాటిన తరువాత పక్కగదిలో దగ్గు, వాంతి చప్పుడు విని మాకంటె ముందు ఆ పెద్దాయనే లేచి వచ్చారు. పిల్లవాని ముఖం మీదికి దీపం పట్టి పెదవులు చూశారు. తరువాత లేపి గీత గీసినట్లు తిన్నగా నాలుగడుగులు నడవమన్నారు. వాడు నడవలేక గోడ పట్టుకున్నాడు.

“మాస్టర్ సాహెబ్, తెల్లవారేదాకా ఆగే పని కాదు ఇది” అని ఉర్దూలో అని, తామే జీపు తీశారు.

ఆసుపత్రిలో వేలికి తగిలించిన యంత్రం 61 అని చూపినది. మైదానంలో ఆరోగ్యవంతునికి అది 95కు పైన ఉంటుంది. ముక్కుకు ప్రాణవాయువు గొట్టం పెట్టారు. ఊపిరితిత్తులలో నీరు చేరుట మొదలైనదో లేదో ఉదయానికి తెలుస్తుందన్నారు. ఆ గంటలలో మేము ఏమి ఆలోచించామో వ్రాయుట అనవసరం. కాని ఒక్క సంగతి చెప్పాలి. ప్రయాణానికి ముందు తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించుకొన్న కాగితాలు మా సంచిలోనే ఉన్నాయి. ఏది జరిగినా కళాశాలకు బాధ్యత లేదని అందులో ఉన్నది. ఆ మాటలు కూర్చినది మేమే. రాత్రి మూడు గంటలకు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఆ కాగితాలను చూడబుద్ధి కాలేదు.

తెల్లవారుజామున తండ్రికి ఫోను చేశాము. విషయం విన్న తరువాత ఆయన చాలసేపు మాట్లాడలేదు. వెనుక ఆటో ఇంజను శబ్దం ఆగిపోవుట మాత్రం వినబడినది.

“మీరు పక్కనే ఉండారు గదా సార్” అన్నాడు.

ఉన్నామని చెప్పాము. సాయంకాలం కొండ ఎక్కించినప్పుడు కూడ పక్కనే ఉన్నామని చెప్పుటకు నోరు రాలేదు. ఊరికి తిరిగి వచ్చిన పిమ్మట ఆయన ఇంటికి పోయి చెప్పాము.

ఉదయానికి అంకె 80 దాటినది. ఊపిరితిత్తులలో నీరు లేదన్నారు. రెండు దినాలు ఆసుపత్రిలో, మరి మూడు దినాలు ఊరిలోనే కదలకుండ ఉండాలన్నారు. ఖర్దుంగ్ లా, పాంగోంగ్, నుబ్రా ఒంటెలు అన్నీ పథకం నుండి కొట్టివేశాము. తిరుగు టికెట్లు మార్చుకొన్నాము. ఆ విధంగా నాలుగు దినాలలో లడఖ్ అంతా చూడవలసిన మేము, ఏడు దినాలు లేహ్ అనే ఒక్క ఊరిలో ఉండిపోయాము.

పట్వారీగారి ఇంటి ముందు ఒక చిన్న కాలువ పారుతుంది. జానెడు వెడల్పు, అంతే. మూడవ దినం ఉదయం మా విద్యార్థి ఒకడు అందులో చొక్కా ఉతుకబోతే, ప్రక్క ఇంటి బౌద్ధ వృద్ధురాలు కేక వేయలేదు గాని, వచ్చి చేయి పట్టుకొని ఆపినది. ఆ నీటితోనే దిగువ ఇళ్ళవారు కూరగాయలు పండించుకొంటారట. ఆ సాయంత్రం పట్వారీగారు ఆ కాలువ కథంతా చెప్పారు.

లేహ్‌కు వాన ఆధారం కాదు. ఖర్దుంగ్ కనుమ వైపు కొండలపైని మంచు కరగి వచ్చే వాగే ఈ ఊరికి ప్రాణం. ఆ వాగు నుండి యూర అనే పిల్లకాలువలు, జింగ్ అనే చిన్న కుంటలు. రాత్రి కుంటలో నీరు నింపి, పగలు పొలాలకు వదులుతారు. ఏ పొలానికి ఏ పూట ఎంతసేపు నీరో చూచే మనిషిని చుర్పోన్ అంటారు. ఈ మాట వినగానే మేము ఉలిక్కిపడ్డాము. మా రాయలసీమ పల్లెలలో చెరువు తూము తెరిచి, మడిమడికీ వంతు చూచి నీరు పారించే నీరుగంటి ఇతడే గదా! మా తాతగారి ఊరి నీరుగంటి భుజాన పార వేసుకొని గట్టు మీద నడుస్తుంటే, ఆసామి ఎంతటివాడైనా నిలబడి పలకరించేవాడు. ఆ చెరువు ఎండిపోయి, నీరుగంటి కొడుకు బెంగుళూరులో కాపలాదారుగా చేరి ఇరవై ఏళ్ళు దాటినది. లేహ్ చుట్టుపట్ల పల్లెలలో చుర్పోన్ నేటికీ ఉన్నాడు.

ఇంకొక విశేషం మా ఉర్దూ అధ్యాపకులను ఆనందపరచినది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో డోగ్రా ప్రభుత్వం భూముల బందోబస్తు జరిపించినప్పుడు, గ్రామ గ్రామానికీ ఈ నీటి వంతుల ఆచారాలను ఉర్దూలో గ్రంథస్థం చేయించినదట. దానికి పేరు రివాజే ఆబ్‌పాషీ. మనం గజళ్ళ భాషగా ఎరిగిన ఉర్దూ అక్కడ నూరేళ్ళకు పైగా పొలం గట్ల భాష, కాలువ తగాదాల భాష. పట్వారీగారి ఇంట మాతృభాష లడఖీ. ఉర్దూ ఆయన బడిలో నేర్చి కచేరీలో వ్రాసినది. 2022లో రెవెన్యూ ఉద్యోగాలకు ఉర్దూ తెలిసియుండాలనే నిబంధన ఎత్తివేశారు. 2025లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, భోటీ, పుర్గీ అను అయిదింటిని అధికార భాషలుగా ప్రకటించారు. దీనిపై ఆయన అభిప్రాయమడిగితే, “నా చేతివ్రాత చదవగలవాడు ఆఫీసులో ఒకడుంటే చాలు” అని నవ్వారు.

మేము ముస్లిములమై ఉండి తెలుగు బోధిస్తున్నామని చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపడకపోవుట మాకు ఆశ్చర్యమైనది. పాఠక మహాశయులు గమనింపవలెను. తిరుపతిలో తెలుగు ఎం.ఏ. చదివిన రెండు సంవత్సరాలూ, తరువాత ఉద్యోగ పరీక్షలలోనూ, ఇప్పటికీ ప్రతి జూలైలో కొత్త తరగతిలోనూ ఆ ఆశ్చర్యాన్ని మేము చూస్తూనే ఉన్నాము. ఉమర్ ఆలీషా వంటి కవి పుట్టిన భాషలో ఈ ప్రశ్నకు చోటుండరాదు, కాని ఉన్నది. మనవారు కూడ తక్కువ తినలేదు. ఉర్దూ వదలి తెలుగెందుకని అడిగే బంధువులు మాకు కలరు. పట్వారీగారు మాత్రం, “ఊరి భాష చెబుతున్నారు, అంతే గదా” అని చాయ్ పోశారు. ఆయన అమ్మమ్మ పల్లె నుండి వచ్చిన బౌద్ధస్త్రీ. తాతగారి తండ్రి యార్కండ్ నుండి సరుకు తెచ్చి ఇక్కడే నిలిచిపోయిన వర్తకుడు. ఇటువంటి కుటుంబాలను అక్కడ అర్గోన్ అంటారు. రంజాన్ పండుగకు మేనమామ వరుస బౌద్ధులు ఇంటికి వస్తారు, లోసార్ అనే వారి ఉగాదికి వీరు పోతారు. అంతా పాలూ నీళ్ళలా కలిసియున్నదని వ్రాసి ముగిస్తే అది సత్యం కాదు. 1989 నుండి 1992 వరకు అక్కడ బౌద్ధులు ముస్లిములను సామాజికంగా వెలివేశారు. “మూడేళ్ళు మా మామయ్య ఈ గడప తొక్కలేదు. తరువాత వచ్చి ఇక్కడే కూర్చున్నాడు” అని మేము కూర్చున్న చోటు చూపించి, పట్వారీగారు మరొక మాట ఎత్తుకున్నారు.

ఆ గడచిన కాలపు గురుతులు ఊరంతా ఉన్నాయి. 1949 వరకు లేహ్ మధ్య ఆసియాకూ మన దేశానికీ మధ్య నిలిచిన సంత. ఉత్తరాన యార్కండ్ నుండి పట్టు, తివాచీలు, నమదాలు, చరస్ వచ్చేవి. దక్షిణం నుండి నూలుబట్టలు, నీలిమందు, సుగంధద్రవ్యాలు పోయేవి. హోషియార్‌పూర్ లాలాలు, కాశ్మీరీలు, యార్కండీలు, టిబెట్టువారు ఇక్కడ కలిసి బేరమాడేవారు. హజ్‌కు పోయే యార్కండ్ యాత్రికులు ఈ ఊరిమీదుగానే బొంబాయి రేవుకు దిగేవారు. చైనాలో ప్రభుత్వం మారిన తరువాత సరిహద్దు మూతపడి ఆ దారి ఆగిపోయినది. మేము చూడలేకపోయిన నుబ్రా ఒంటెలు ఆ బిడారులలోని ఒంటెల సంతతేనట.

ముఖ్య బజారు వెడల్పైన వీధి. పూర్వం అందులో పోలో ఆడేవారు. ఇప్పుడు కాలిబాట అంచున లడఖీ స్త్రీలు రెండు జడలు వేసుకొని కూర్చుని తమ పెరటి ముల్లంగి, పాలకూర, టర్నిప్ అమ్ముతారు. బేరమాడితే కోపగించరు, నవ్వి ఊరకుంటారు. ధర మాత్రం తగ్గదు. బజారు తలకట్టున, కోట పాదం వద్ద జామా మసీదు ఉన్నది. ఔరంగజేబుకూ లడఖ్ రాజు దెల్దన్ నంగ్యాల్‌కూ కుదిరిన ఒడంబడిక ననుసరించి 1666–67లో కట్టినది. ఇటీవల పునర్నిర్మించారు. దాని వెనుక సందులో కాశ్మీరీ రొట్టెలవాళ్ళ తందూరులు తెల్లవారకమునుపే మండుతాయి. ఆసుపత్రి నుండి వచ్చేటప్పుడు అక్కడ వేడి రొట్టెలు కొనుక్కొని, కోటు లోపల పెట్టుకొని వెచ్చదనం అనుభవిస్తూ నడిచేవారము. పిల్లవాడు మొట్టమొదట అడిగి తిన్నది ఆ రొట్టెనే.

శుక్రవారం ఆ మసీదులో నమాజు చేశాము. ఉపన్యాసంలో అరబీ వాక్యాలు తప్ప తక్కినది లడఖీ. మధ్యమధ్య ఒక్కొక్క ఉర్దూ మాట తెలిసిన ముఖంలా కనబడి మాయమయ్యేది. మా ఊరి మసీదులో ఎవరైనా తెలుగులో ఉపన్యసిస్తే ఎలా ఉంటుందని మేము ఆలోచించాము. దూదేకుల వారు ఎక్కువగా ఉన్న పల్లెలలో ఆ అవసరం ఎంతటిదో మనకు తెలియనిది కాదు.

బజారుకు అనతిదూరంలో సస్ సోమా అను చోట పాత చిన్న మసీదు, దాని ప్రక్క మధ్య ఆసియా ప్రదర్శనశాల ఉన్నవి. సస్ సోమా అనగా కొత్త తోట. బిడారులు దిగే విడిది అక్కడే ఉండేది. బురుజులా రాతితో కట్టిన ఆ ప్రదర్శనశాలలో తివాచీలు, పాత్రలు, దుస్తులు, వర్తకుల నాటి వస్తువులు మెట్టు మెట్టుకూ చూడవచ్చును. ఒక్కొక్క అంతస్తుకూ పది నిమిషాలు కూర్చుని మరీ ఎక్కాము, అప్పటికి మాకు బుద్ధి వచ్చినది. 1885లో లేహ్ చేరిన మొరేవియన్ క్రైస్తవ మిషనువారిలో ఫ్రాంకె అను పండితుడు 1904లో టిబెటన్ లిపిలో ఒక పత్రిక నడిపాడు. దాని పేరు లడఖ్ అఖ్బార్. జర్మన్ క్రైస్తవుడు, టిబెటన్ అక్షరాలు, అరబీ నుండి ఉర్దూకు వచ్చిన పేరు! మా కళాశాల సంచిక ఉర్దూ, తెలుగు రెండు వైపుల నుండి మొదలగుట చూసి నవ్వేవారికి ఈ సంగతి చెప్పదలచాము.

జూన్ 15వ తేదీ మేము అక్కడే ఉన్నాము. ఆసుపత్రి నుండి వచ్చేసిన మా విద్యార్థి కంబళి కప్పుకొని వరండాలో కూర్చుని, “ఈ దినమే గదా సార్ మన సంతోష్ బాబు పోయింది” అన్నాడు. సూర్యాపేట వాస్తవ్యులు కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అమరులైనారు. ఆ ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు ప్రాణాలర్పించారు. తరువాత ప్రభుత్వం ఆయనకు మహావీరచక్ర ప్రకటించినది. ఆ వార్త వచ్చిన నాడు గల్వాన్ అనే పేరు మన ఇళ్ళన్నిటిలోనూ మ్రోగినది. అది ఎవరి పేరో మాకెవరికీ తెలియదు. పట్వారీగారు చెప్పారు. గులామ్ రసూల్ గల్వాన్ ఈ లేహ్‌లోనే పేద ఇంట పుట్టినవాడు. చిన్నతనంలోనే విదేశ యాత్రికుల బృందాలలో సేవకుడుగా చేరి, పామీరు, టిబెట్, కారకోరం దారులన్నీ కాలినడకన తిరిగాడు. ఒక బృందం లోయలో చిక్కుపడినప్పుడు దారి కనుగొన్నందుకు ఆ నదికి అతని పేరు పెట్టారంటారు. సంభాషణలో నేర్చుకొన్న ఇంగ్లీషులో తన జీవితకథ వ్రాశాడు. సర్వెంట్ ఆఫ్ సాహిబ్స్ అను పేర అది 1923లో అచ్చయినది. చివరకు లేహ్‌లో వర్తకుల వ్యవహారాలు చూచే ఆక్సాకాల్ పదవి పొందాడు. ఆ తుర్కీ మాటకు తెల్లగడ్డం అని అర్థం.

లేహ్‌లో పుట్టిన కూలివాని పేరు గల నదీతీరాన సూర్యాపేట బిడ్డ ఒరిగిపోయాడు. మా విద్యార్థులు చాలసేపు మాట్లాడలేదు. పట్వారీగారు లోపలికి పోయి ఉప్పు వెన్న వేసిన గుర్‌గుర్ చాయ్ తెచ్చారు. ఆ చాయ్‌తోపాటు వేయించిన బార్లీపిండి ఇస్తారు. మన తొలి ఏకాదశి నాటి పేలపిండి వాసనే. ఆ చాయ్ రుచి మావారిలో సగంమందికి చివరిదాకా పట్టుబడలేదు గాని, పిండి మాత్రం మిగలలేదు.

ఇక స్నానపానాదుల మాట. ఆ ఇంట పాతపద్ధతి మరుగుదొడ్డి ఉన్నది. నీరు లేదు. పని కాగానే ఒక పారెడు మట్టి, బూడిద వేస్తారు. ఏడాదికి అది ఎరువై పొలానికి పోతుంది. మొదటి దినం మా విద్యార్థులు గునిసినారు. 1974లో లడఖ్‌ను యాత్రికులకు తెరచిన తరువాత, ముఖ్యంగా ఈ ఇరవై ఏళ్ళలో, హోటళ్ళు విస్తారంగా లేచి, వాటికి నీటి మరుగుదొడ్లు, వాటికై బోరుబావులు, ట్యాంకరు బండ్లు వచ్చాయి. పైన మంచు తరుగుతున్నది, క్రింద తోడకం పెరుగుతున్నది. బోరుబావి ఎంత లోతుకు పోతే ఏమగునో మన సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ దృష్టితో చూస్తే, నాలుగు దినాలలో అన్నీ చూసి పోవలెననుకొన్న మా పదకొండు మందిమి కూడ ఆ కాలువ మీద పడ్డ భారమే.

అక్కడివారు ఊరకుండలేదు. చెవాంగ్ నోర్‌ఫెల్ అను ఇంజనీరు శీతకాలంలో వృథాగా పోయే నీటిని గట్టులు కట్టి, నీడలో నిలిపి, గడ్డకట్టించి వసంతానికి పొలాలకందేటట్లు చేశాడు. అందుకు 2015లో పద్మశ్రీ లభించినది. సోనమ్ వాంగ్‌చుక్ గొట్టాలతో నీటిని పైకి చిమ్మించి స్తూపాకారంలో మంచు పేర్చే పద్ధతి కనిపెట్టాడు. మేము పోయినది జూన్ గనుక మంచుస్తూపం చూడలేదు. ఇంత నీటికరవు ఊరిని నీరే ఒక రాత్రి ముంచినది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి దాటిన వేళ కుంభవృష్టి కురిసి, బోడికొండల బురద ఇళ్ళమీదికి దిగి, రెండువందలకు పైగా ప్రాణాలు పోయాయి. మట్టి ఇళ్ళు వానను ఎరుగనివి. కరిగిపోయాయి.

ఆరవ దినం వైద్యుల అనుమతితో అందరమూ తిక్సే ఆరామానికి పోయాము. పన్నెండు అంతస్తులుగా కొండవాలుకు అంటుకొన్న ఆ కట్టడంలో 49 అడుగుల మైత్రేయ బుద్ధ విగ్రహం కలదు. నాగార్జునకొండ, అమరావతి శిథిలాలలో మనం చూచే బుద్ధుడు ఇక్కడ రంగులతో, దీపాలతో, పూజలతో సజీవుడై ఉన్నాడు. శాంతి స్తూపం 1991లో జపాను బౌద్ధులు పూర్తిచేసినది. దాని అయిదువందలకు పైబడిన మెట్లు మేము ఎక్కలేదు, రోడ్డు మార్గాన వాహనంలో పోయాము. అక్కడ నుండి సూర్యాస్తమయ వేళ ఊరు చూడాలి. పాప్లార్ చెట్లు, విల్లో చెట్లు, బార్లీ మళ్ళు ఎక్కడిదాకా ఉన్నవో అక్కడిదాకా కాలువ ఉన్నట్లు. కాలువ ఆగిన చోట పచ్చదనం కత్తితో కోసినట్లు ఆగిపోతుంది. ఆ గీత అవతల గడ్డిపోచ లేదు.

ఏడవ దినం ఉదయం బయలుదేరాము. బస సొమ్ములో పొడిగించిన మూడు దినాలకు పట్వారీగారు పైకం తీసుకోలేదు. మేము ఎంత బ్రతిమాలినా, “పిల్లవాడు నా ఇంట జబ్బుపడ్డాడు, అది నా లెక్క” అన్నారు. పిల్లవాని జేబులో ఎండు నేరేడులు కాదు, ఖుబానీలు కూరినారు. వాటిని అక్కడ చులీ అంటారు. ప్రక్క ఇంటి వృద్ధురాలు కూడ వచ్చి ‘జూలే’ అని చేతులు జోడించినది. వచ్చినప్పుడూ అదే మాట, పోయేటప్పుడూ అదే మాట, కృతజ్ఞతకూ అదే.

విమానంలో ఈ మారు అతనిని కిటికీ ప్రక్కన కూర్చోబెట్టాము. విమానం లేచి వంకర తిరుగుతుండగా ముఖం అద్దానికి ఆనించి కోటను, మసీదును, ఆ ఇంటిని వెదకినాడు. ఆకుపచ్చ చార ఒకసారి పూర్తిగా కనబడినది.

“ఊరు అయిపోయింది సార్” అన్నాడు.

క్రింద మళ్ళీ గోధుమవన్నె కొండలు మొదలైనవి.